పొదుగు ముక్కకు మూడు కుట్లు

మా బావ ఆర్వల్ టాంగెన్ గురించి మా ఊరు కోల్డ్ ఫోర్క్‌లో ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు, తర్వాత చెబుతారు. ఆ నవ్వడం ఊళ్ళో మొదలుపెట్టింది నేనే. కాబట్టి ఈ కథ చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

బావ జీతం కోసం కౌంటీ రోడ్లు చదును చేసే బండి నడిపేవాడు. చలికాలం వస్తే అదే బండికి ముందు పెద్ద రేకు తగిలించి మంచు నెట్టేవాడు. కానీ ఆయన ప్రాణమంతా మార్చి నెలలో ఉండేది. మార్చిలో మూడు వారాలు ఫైర్ స్టేషన్ హాల్లో పిల్లలకి వేట తరగతి చెప్పేవాడు. ఆ తరగతి పాసయితే గానీ మా దగ్గర పిల్లలకి వేట లైసెన్సు ఇవ్వరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెప్పాడు, ఒక్క సెంటు జీతం లేకుండా. ఊళ్ళో నలభై ఐదేళ్ళ లోపు వాళ్ళంతా ఆయన శిష్యులే. పోస్టాఫీసులో గడ్డాలు నెరుస్తున్నవాళ్ళు కూడా ఆయన్ని చూడగానే సిగరెట్ వెనక్కి దాచేవాళ్ళు.

ఆ తరగతి చెప్పాలంటే ఒక కార్డు ఉండాలి. ఆ కార్డుకి ఒకటే షరతు. మనిషి మీద వేట కేసు ఒక్కటంటే ఒక్కటి కూడా పడకూడదు. బావ మీద పడే ప్రసక్తే లేదని ఊరంతా అనుకునేది. రూల్స్ పుస్తకం కోటు లోపలి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. దాని పైన చెమట మరకలు, కాఫీ మరకలు, ఎవరివో నెత్తుటి మరకలు. మా పాస్టరు గారి బైబిలు అంతకంటే కొత్తగా ఉండేది.

"బావా, ఒంటికి వెళ్ళాలి. ఏ పేజీలో పర్మిషన్ ఉందో కాస్త చూడు," అనేవాణ్ణి నేను కొండ మీద.

"నీళ్ళకి వంద అడుగుల దూరంగా పో," అనేవాడు, మొహంలో నవ్వన్నది లేకుండా.

పెళ్ళిరోజు సంగతి వినండి. మా అక్క ఆర్డిత్‌ని చేసుకున్నది నవంబరు నెలలో, వేట సీజను నడుస్తుండగా. పొద్దున ఒక గంట కొండెక్కి, ఏమీ దొరక్క ఉత్త చేతులతో దిగి, స్నానం చేసి సూటు వేసుకుని చర్చికి వచ్చాడు. మధ్యాహ్నం పెళ్ళికూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, కారు వెనక మేం కట్టిన డబ్బాలు లొడలొడమంటుండగా బయల్దేరాడు. దారిలో వేట శాఖ వాళ్ళ చెక్‌పోస్ట్ వచ్చింది. బావ కారు ఆపాడు. వేటకి వెళ్ళినవాడు ఏం దొరికినా దొరక్కపోయినా ఆగి చెప్పి వెళ్ళాలని పుస్తకంలో ఉంది మరి. మా అక్క తెల్ల గౌనులో ఇరవై నిమిషాలు లైన్లో కూర్చుంది. అధికారి కారులోకి తొంగి చూసి, "ఏమైనా పడిందా?" అని అడిగాడట. "నేనే పడ్డాను," అందట మా అక్క.

ఇంకోసారి నేను చాక్లెట్ కాగితం కొండ మీద పారేశానని రెండు మైళ్ళు వెనక్కి నడిపించాడు. ఆ కాగితం దొరికేదాకా తను రాయి మీద కూర్చుని నాకేసి చూస్తూనే ఉన్నాడు. అలాంటి మనిషికి తప్పు చేశానని చెప్పడం నాకెప్పుడూ చాతకాలేదు. ఇది సాకు కాదు, నిజం.

తొంభై నాలుగు నవంబరులో బావకి లాటరీలో ఆడ ఎల్క్ పర్మిట్ తగిలింది. ఎల్క్ అంటే గుర్రమంత ఒళ్ళుండే దుప్పి. పొద్దున ఎనిమిదింటికి వాలులో ఒక్క గుండుకే పడింది. నేను కత్తి తీశాను, బావ తన పేరున్న ట్యాగ్, జంతువుకి కట్టాల్సిన కాగితం, తీశాడు. ట్యాగ్ మీద ఆ నెల, ఆ తేదీ ఉన్నచోట కత్తిమొనతో గాటుపెట్టి ముక్క తీసేదాకా నన్ను జంతువుని తాకనివ్వలేదు.

"కత్తి మొదట కోయాల్సింది కాగితాన్ని, లైల్."

"కాగితానికి రుచుండదు బావా."

"జరిమానా టికెట్‌కి ఇంకా ఉండదు."

తర్వాత పని నాది. నేను అప్పటికి ఇరవై రెండేళ్ళుగా మా ఊరి కిరాణా షాపులో మాంసం కౌంటరు వెనక నిలబడి కోసేవాణ్ణి. పొట్ట చీరి, పేగులు తీసి, నాలుగు కాళ్ళూ విడదీశాను. బావ పక్కన నిలబడి పుస్తకం తెరవకుండానే చదివాడు. పర్మిట్ ఆడదానికి కాబట్టి, కోసిన మాంసాన్ని చూసి అది ఆడదేనని అధికారి గుర్తుపట్టాలి. అందుకని పొదుగు ముక్క ఒకటి చర్మంతో సహా తొడకి అంటుకునే ఉండాలి. విడిగా సంచిలో పెట్టి చూపిస్తే చెల్లదు. పుట్టినప్పుడు ఎలా అంటుకుని ఉందో అలాగే ఉండాలి.

"దీన్ని ముట్టుకోకు," అన్నాడు ఎడమ వెనక తొడ మీద చెయ్యి వేసి. "ఇది మన సాక్షి."

"నీ సాక్షి నా మెడకి రాసుకుంటోంది బావా. వెంట్రుకలు గుచ్చుతున్నాయి."

"సాక్షులు గుచ్చుతారు."

మూడుసార్లు దిగి ఎక్కేసరికి నా మోకాళ్ళు నావి కాకుండా పోయాయి. తొడలూ జబ్బలూ బండి దగ్గరికి చేరాయి. ఇక చాలు బావా అన్నాను. మెడ మాంసం, పక్కటెముకల మధ్య మాంసం కొండ మీదే ఉందన్నాడు. తినే మాంసం వదిలేసి రావడం నేరమని నాకు ముప్ఫయ్యోసారి చెప్పి, తనే ఒంటరిగా పైకి వెళ్ళాడు. "నువ్వు వీటిని తుడిచి గుడ్డ సంచుల్లోకి ఎక్కించు. ఇంకేం చెయ్యకు," అన్నాడు.

ఇంకేం చెయ్యకు అన్నాడా, సరిగ్గా అదే చేశాను. బండి వెనక పలక దించి, మాంసం దాని మీద పెట్టి తుడుస్తున్నాను. మనసంతా అక్క ఇచ్చిన బంగాళాదుంప రొట్టెల మీద ఉంది. చేతికి మాత్రం దాని అలవాటు దానికి ఉంది. తొడ మీద పొదుగు కనిపిస్తే కోసి పారేయడం కౌంటరు వెనక రోజూ చేసే పని. పాలు మిగిలిన చోట మాంసం త్వరగా పులుస్తుంది. సర్రున కోసి కింద పడేసి, కత్తి తుడుచుకుని, రొట్టె సగం తిన్నాక తట్టింది నాకు.

వంగి చూస్తే టైరు పక్కన నలుపూ తెలుపూ పిట్ట ఒకటి సాక్షిని ముక్కుతో ఈడ్చుకుపోతోంది. ఆ పిట్టని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే మా అక్క చదువుతుంది. ఎలాగో లాక్కున్నాను. ఒక మూల పొడుచుకు తినేసింది గానీ, మిగతాది బాగానే ఉంది.

అప్పుడు చెప్పేయాల్సింది. పైకెక్కి, బావా ఇలా జరిగింది అని అనాల్సింది. అలా చెయ్యలేదు. నా కత్తుల చుట్టలో రోస్టులు, అంటే కాల్చే పెద్ద మాంసం ముక్కలు, కుట్టి కట్టే పెద్ద సూది ఉంటుంది. బండిలో గాలం పెట్టె ఉంది. గాలం దారం సన్నగా, గాజులా కనీకనిపించకుండా ఉంటుంది. కూర్చుని మూడు కుట్లు వేశాను, కౌంటరు దగ్గర రోజూ వేసే ముడి వేసి బిగించాను. బాగా కుదిరింది కూడా. ఇంత చక్కగా కుట్టానే అని ఒక నిమిషం ముచ్చటపడ్డాను. నాది సిగ్గులేని జన్మ.

బావ దిగొచ్చాడు, మాంసం ఎక్కించాడు, తొడల సంచుల వంక ఒకసారి చూసి తలూపాడు. బయల్దేరాం. కొండ దిగాక రోడ్డు రెండుగా చీలుతుంది.

"ఎడమకి పోదాం బావా, మిల్లర్ వాళ్ళ గడ్డిబీడు మీదుగా. దగ్గర."

"చెక్‌పోస్ట్ కుడివైపుంది."

"అందుకే ఎడమకి."

నేను జోకు వేశాననుకుని నవ్వాడు. బావ ఏడాదికి ఒకసారి నవ్వుతాడు, అదీ చెక్‌పోస్ట్‌కి వెళ్ళేటప్పుడే. మిగతా జనానికి అక్కడ గుండెలు దడదడలాడతాయి, ఆయనకి మాత్రం మార్కుల కార్డు తీసుకోవడానికి వెళ్తున్నట్టుండేది.

మా ముందు నాలుగు బండ్లున్నాయి. డ్యూటీలో ఉన్నది వేట శాఖ వార్డెన్ డార్లా విక్. ఆ అమ్మాయి పన్నెండేళ్ళప్పుడు ఫైర్ స్టేషన్ హాల్లో మొదటి వరుసలో కూర్చుని బావని ప్రశ్నలతో చంపిన పిల్ల. ఇప్పుడు ఆకుపచ్చ కోటు, నడుముకి తుపాకీ, చేతిలో టికెట్ల పుస్తకం.

"మాస్టారూ, ఏం పడింది?"

"ఆడదమ్మా. మంచి ఒళ్ళు. పొద్దున్నుంచి ఎలా ఉంది నీకు?"

"ఏం బాగు. రస్ కెట్నర్‌కి టికెట్ రాయాల్సొచ్చింది. శుభ్రంగా కోసుకొచ్చాడు, ఆడో మగో తెలిసే ముక్క ఒక్కటీ ఉంచలేదు."

"రస్ వెనక బెంచీలో నిద్రపోయేవాడు," అన్నాడు బావ. అని ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. వెనక బండ్లలో ఉన్న నలుగురైదుగురిని చెయ్యి ఊపి పిలిచాడు. "ఇలా రండి, ఒక నిమిషం. సాక్షిని ఎలా ఉంచాలో చూసిపోండి. ఈ డౌటు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరికి ఉంటుంది." వాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. బావ సంచి విప్పి ఎడమ తొడ వాళ్ళకి చూపించాడు. ఆ క్షణాన భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను.

డార్లా వంగి ఆ ముక్కని వేలితో పైకెత్తింది.

"మాస్టారూ."

"చెప్పమ్మా."

"ఇది కుట్టేసి ఉంది."

బావ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగాడు. చాలాసేపు చూశాడు. మొదటి కుట్టు, రెండో కుట్టు, మూడో కుట్టు, చివర ముడి. ఆ ముడిని ఆయన ప్రతి ఆదివారం భోజనాల బల్ల మీద చూస్తాడు. మా షాపు నుంచి వాళ్ళింటికి వెళ్ళే ప్రతి రోస్టుకీ ఆ ముడి నేనే వేస్తాను. నిటారుగా లేచి నిలబడ్డాడు, నా వైపు మాత్రం చూడలేదు. చూడకపోవడంతోనే నాకు అర్థమైంది, ఆయనకి తెలిసిపోయిందని.

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. "ఏం ఆర్వల్, ఎల్క్‌కి జేబు కుట్టించావా?"

ఇక ఆగలేదు జనం. కడుపులు పట్టుకుని నవ్వారు.

డార్లా నవ్వలేదు. "మీరే కుట్టారా మాస్టారూ?"

"ట్యాగ్ మీద పేరు ఎవరిదో చూడమ్మా."

"మీదే."

"జంతువు నాది, ట్యాగ్ నాది, బండి నాది. ఇంకేం కావాలి?"

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. నేను కొండ వైపు తిరిగాను. కొండ ఎక్కడికీ పోలేదు, అయినా దాన్ని శ్రద్ధగా చూశాను. నోరు తెరిస్తే రెండు ముక్కల్లో అయిపోయేది. తెరవలేదు.

డార్లా గొంతు తగ్గించింది. "ఈ ముక్క ఈ ఎల్క్‌దేనని నాకు తెలుస్తూనే ఉంది. హెచ్చరిక రాసి వదిలేస్తాను. పదండి."

"పొద్దున రస్‌కి ఏం రాశావు?"

"అది వేరు."

"ఏం రాశావు?"

"టికెట్."

"అయితే పెన్ను తియ్యి."

"మీ కార్డు పోతుంది మాస్టారూ. తరగతి పోతుంది."

"ఆ రూలు నీకు చెప్పింది ఎవరనుకుంటున్నావు?"

రాసింది. ముక్కు ఎగబీల్చుకుంది. చలికేనని అనుకోమన్నట్టు చూసింది. బావ కాగితం తీసుకుని, పరీక్ష పేపరు దిద్దేవాడిలా పైనుంచి కింది దాకా చదివి తిరిగి ఇచ్చాడు. "టైము వెయ్యలేదు. టైము లేని టికెట్ జడ్జి ముందు నిలవదు." ఆ పిల్ల టైము వేసింది. మాంసం వాళ్ళే ఉంచుకున్నారు. బావ దగ్గరుండి దాన్ని నీడలో పెట్టించి, గాలి తగిలేలా సంచులు విడివిడిగా వేలాడదీయించి మరీ బండెక్కాడు.

పన్నెండు మైళ్ళు నడిపాడు. ఇల్లు కనిపిస్తుండగా అన్నాడు, "ముడి గట్టిగానే వేశావు."

"బావా, నేను..."

"వద్దు లైల్. నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలుసుగా."

ఆ చలికాలమంతా ఊరికి పండగే. బావని టైలర్ అని పిలిచారు. ఎవరో చిరిగిన ప్యాంటు తెచ్చి మంచు నెట్టే బండి అద్దానికి తగిలించి, జిప్పు కుట్టి ఇవ్వమని చీటీ పెట్టారు. చర్చి విందులో టర్కీ కోడి పొట్ట కుట్టే పని ఆయనకివ్వాలని తీర్మానించారు. బావ అన్నీ విని తన పని తను చేసుకున్నాడు. నేను కౌంటరు వెనక నిలబడి ఆ జోకులన్నిటికీ అందరితో పాటు నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్క మాత్రం నమ్మలేదు. "ఇన్నేళ్ళ కాపురంలో చొక్కా గుండీ కుట్టుకోవడం రాని మనిషి ఎల్క్‌కి మూడు కుట్లు వేశాడంటే నేను నమ్మాలా?" అంది భోజనాల దగ్గర.

"కేసు తేలిపోయింది. రొట్టె ఇలా ఇవ్వు," అన్నాడు బావ.

అక్క రొట్టె ఇస్తూ నా మొహంలోకి చూసింది. నేను ఇంకో రొట్టె తీసుకుని వెన్న రాయడంలో మునిగిపోయాను.

జనవరిలో కార్డు రద్దయిందని వేట శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. బావ కార్డుని కవరులో పెట్టి తనే వెనక్కి పంపేశాడు. ఫిబ్రవరిలో, తరగతిలో వాడే బొమ్మ తుపాకుల పెట్టె, పటాల చుట్ట మోసుకొచ్చి మా గరాజ్‌లో పెట్టి, "ఎవరైనా తరగతి తీసుకుంటానంటే ఇవ్వు. మా ఇంట్లో ఉంటే చూడాల్సొస్తోంది," అన్నాడు. ఆయన వెళ్ళాక ఆ పెట్టె పక్కన కూర్చుని ఏడ్చాను.

ఎవరూ ముందుకి రాలేదు. ఇరవై రెండు మంది పిల్లలు. తరగతి లేకపోతే తొంభై మైళ్ళు పోవాలి. చివరికి నేనే పేరిచ్చాను. నా మీద కేసేమీ లేదు కదా, కార్డుకి అర్హుణ్ణి. ఇంతకంటే దారుణం ఇంకోటి ఉంటుందా? పరీక్ష రాశాను, తప్పాను. విషయం విని బావ సాయంత్రం మా ఇంటికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి రూల్స్ పుస్తకం తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు.

"మొదటి పేజీ."

"అవసరమా బావా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంత మొద్దుని చూడలేదు. మొదటి పేజీ."

పదిహేను సాయంత్రాలు చదివించాడు. ఆ పదిహేను రోజులూ మనిషి మళ్ళీ పాత మనిషయ్యాడు. బల్ల మీద గుద్దేవాడు, లేచి తిరిగేవాడు, నా జవాబులు విని తల పట్టుకునేవాడు. ప్రతి రోజూ చెప్పేద్దామనుకున్నాను. ఆయనకి చెప్పక్కర్లేదని గుర్తొచ్చేది. చెప్పాల్సింది ఎవరికో తెలిసేది, గుండె జారిపోయేది. రెండు మార్కుల తేడాతో పాసయ్యాను.

మార్చి మొదటి శనివారం. ఫైర్ స్టేషన్ హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో ఇరవై రెండు మంది పిల్లలు, గోడ పొడుగునా తల్లిదండ్రులు. తలుపు దగ్గర డార్లా నిలబడింది, మొదటి రోజు వార్డెన్ రావడం మామూలే. బావ పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసి, నేల ఊడ్చి, చివరి వరుసలో కూర్చున్నాడు. కార్డు లేనివాడు పాఠం చెప్పకూడదు, కుర్చీలు వేయకూడదని ఎక్కడా లేదన్నాడు.

పాఠం మొదలుపెట్టాను. ట్యాగ్ సంగతి బాగానే చెప్పాను. ఆడో మగో తెలిపే ఆనవాలు సంగతికి వచ్చాను. రస్ కెట్నర్ కూతురు జోడీ చెయ్యి ఎత్తింది.

"ఆర్వల్ తాత ఎల్క్‌కి గాలం దారంతో కుట్లు వేశారని మా నాన్న చెప్పాడు. నిజమేనా?"

గోడ పక్కన పెద్దవాళ్ళు పగలబడి నవ్వారు. పిల్లలూ నవ్వారు. నేను చెప్పకపోయేసరికి ఆ పిల్ల కుర్చీలో వెనక్కి తిరిగింది.

"తాతా, మీరే కుట్టారా?"

బావ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. "తరగతిలో ప్రశ్నలు మాస్టారిని అడగాలమ్మా," అన్నాడు. "నన్ను కాదు."

దెప్పిపొడవడం కాదది. ఆ మనిషికి దెప్పిపొడవడం రాదు. నిజంగానే, అడగాల్సిన వాణ్ణి అడగమన్నాడు, అంతే. పిల్లలంతా నా వైపు తిరిగారు.

"నేను కుట్టాను," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. డార్లా గోడకి ఆనుకున్నది కాస్తా నిటారుగా నిలబడింది. పెద్దవాళ్ళకి కాఫీ పోస్తున్న మా అక్క కెటిల్ బల్ల మీద పెట్టేసింది.

"కోసిందీ నేనే, కుట్టిందీ నేనే. ఆయన కొండ మీద ఉన్నప్పుడు. ఆయనకి తెలియదు. చెక్‌పోస్ట్ దగ్గర ముడి చూశాకే తెలిసింది."

జోడీ మళ్ళీ చెయ్యి ఎత్తింది. "మరి టికెట్ ఆయనకెందుకు పడింది?"

"నేను నోరు మూసుకుని నిలబడ్డాను కాబట్టి."

చివరి వరుసలోంచి బావ గొంతు వినిపించింది, మామూలుగా, కోపం లేకుండా.

"వెనక వాళ్ళకి సరిగ్గా వినపడలేదు లైల్. గట్టిగా చెప్పు."

మళ్ళీ చెప్పాను, గట్టిగా.